బొంబాయికి కట్టిన ఎర్ర స్ఫటికం

స్ఫటికం పెంచడానికి ముఖ్యంగా కావలసింది ఒక్కటే. ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. గుంటూరులో అంతకంటే కష్టమైన పని ఇంకొకటి లేదని నా ఉద్యోగమంతా చేసి తెలుసుకున్నాను.

మా వైపు మనుషులకి దేన్నయినా చేత్తో పట్టుకుంటేగాని చూసినట్టు కాదు. మిరపకాయని నలిపి చూస్తారు. పత్తిని లాగి చూస్తారు. పొగాకుని ముక్కు దగ్గర పెట్టుకుంటారు. అల్లుడు కాబోయేవాణ్ణి కూడా భుజం మీద రెండు చరుపులు చరిచి చూస్తారు. అలాంటి చోట ఒక గాజు తొట్టి పెట్టి, "ఇందులో స్ఫటికం పెరుగుచున్నది, మూత తీయరాదు" అని బోర్డు తగిలించాను. ఆ బోర్డు లేనప్పుడు ఎవరూ అటు చూసేవారు కాదు. తగిలించాక, బోర్డు చదవడానికి వచ్చిన ప్రతివాడూ మూత తీసి చూసేవాడు.

ఇది ఎనభైల మధ్యలో మాట. నేను భౌతికశాస్త్ర విభాగంలో ల్యాబ్ అసిస్టెంటుని. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీరు ఏసీ గదిలో కూర్చుని, అంకెలు చూపించే పెట్టె ముందు మీటలు నొక్కుతారు. ఏదైనా పాడైతే పరికరం లోపం అని రిజిస్టర్లో రాసి చేతులు దులుపుకుంటారు. మా కాలంలో పరికరం అంటే చాలావరకు నేనే. కాబట్టి లోపం కూడా నేనే. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది ఆ సంగతి ఒప్పుకోవడానికే.

మా దగ్గర పరిశోధన చేస్తున్నాయన ఒక బడి మాష్టారు. సత్తెనపల్లి దగ్గర మిరప రైతుల ఇంట్లో పుట్టి, ఒక ఎయిడెడ్ హైస్కూల్లో సైన్సు చెప్పుకుంటూ, ముప్ఫై నాలుగేళ్ళ వయసులో జీతం లేని సెలవు పెట్టి డాక్టరేటుకి చేరాడు. డిపార్టుమెంటులో అందరికంటే పెద్ద విద్యార్థి కనుక ఆయన్ని మేష్టారు అనే పిలిచేవాళ్ళం. ఒక కాలేజీలో లెక్చరర్ పోస్టు ఖాళీ అవబోతోంది. ఆ ఏడాది థీసిస్ ఇచ్చేస్తే అది ఆయనకే వస్తుందని అందరికీ తెలుసు. ఇవ్వకపోతే జూన్‌లో బళ్ళు తెరిచేనాటికి సెలవు అయిపోతుంది, మళ్ళీ ఎనిమిదో తరగతికి వెళ్ళి అయస్కాంతాలకి రెండు ధ్రువాలు ఉండునని చెప్పుకోవాలి. ఆయన నాలుగేళ్ళ కష్టం మొత్తం ఒక్క స్ఫటికం మీద ఆధారపడి ఉంది.

ఆ స్ఫటికం కోబాల్ట్ ఉన్న ఒక లవణం. చూడటానికి ఎర్రగా, పండు మిరపకాయ రంగులో ఉంటుంది. అయస్కాంతం మధ్య వేలాడదీస్తే ఒక దిక్కున ఒకలాగా, ఇంకో దిక్కున ఇంకోలాగా స్పందిస్తుంది. గాలి కూడా నీరైపోయేంత చలిలో పెట్టి ఆ తేడా కొలవాలి. అలాంటి ఏర్పాటు బొంబాయిలో ఒక పరిశోధనశాలలో ఉంది. పొడి చేసి పట్టుకెళితే దిక్కులన్నీ కలిసిపోతాయి. చిన్న చిన్న ముక్కలు పట్టుకెళితే వాళ్ళ యంత్రానికి ఆనవు. ఒకే ముక్కగా, పెద్దదిగా, పలకలు అద్దంలా తేరి ఉన్నది కావాలి. ఆ పలకలు చూసే ఏ దిక్కు ఏదో గుర్తుపడతారు.

పెంచడం మాటకి సులువే. వేడినీళ్ళలో లవణం కరిగినంత కరిగించి, అందులో నైలాన్ దారానికి ఒక చిన్న గింజ స్ఫటికాన్ని వేలాడదీసి, ఆ నీళ్ళని రోజుకి డిగ్రీలో పదో వంతు చొప్పున చల్లారుస్తూ పోవాలి. చల్లారినకొద్దీ నీళ్ళు మోయలేని లవణం వచ్చి గింజ మీద కూర్చుంటుంది. అంతే. నాలుగు నెలలు అంతే.

మొదటి ఏడాది నైలాన్ దారం దొరకలేదని నేను నూలుదారం కట్టాను. పత్తి దేశంలో పుట్టి దారానికి వెతుక్కోవడమేమిటని నా ధీమా. నూలుకి ఉన్న నూగు నూగుకీ ఒక పిల్ల స్ఫటికం పట్టి, వారానికల్లా దారం నిండా కాపు కాసింది, అసలు గింజ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. "ఈమధ్య దారాలు మంచివి రావడం లేదండీ" అని ప్రొఫెసరు గారికి చెప్పాను. తప్పుని ఇంకొకరి మీదికి తోసే విద్య నాకు అప్పటికే వచ్చు.

రెండో ఏడాది స్ఫటికాన్ని కరెంటు కోత తినేసింది, హీటరు ఆగి తొట్టి ఒక్కసారిగా చల్లారిపోయింది. మూడో ఏడాది మా ప్రొఫెసరు గారు తినేశారు. ఆయన పెద్ద మనసున్న మనిషి, పెద్ద గొంతున్న మనిషి. ఎవరు వచ్చినా, తపాలా బట్వాడాకి వచ్చినవాడైనా సరే, "రండి రండి, మీకొక అద్భుతం చూపిస్తా" అని తీసుకొచ్చి మూత తీసేవారు. చల్లగాలి తగలగానే నీళ్ళపైన సన్నటి పొర కట్టి, ముక్కలై రాలి, తొట్టి అడుగంతా ఎర్ర ఇసుక. నేను నెత్తి కొట్టుకుంటే, "మళ్ళీ వేద్దాంలేవయ్యా, ఇదేమన్నా పెళ్ళి ముహూర్తమా" అనేవారు. పక్కన మేష్టారు మాత్రం సెలవు కాగితం మడిచి జేబులో పెట్టుకునేవాడు.

నాలుగో ఏడాది నేను మొండికేశాను. తొట్టిని చెక్కపెట్టెలో పెట్టి చుట్టూ ఊక దట్టించాను. కరెంటు పోయినా ఒక పూట వేడి నిలుస్తుంది. పెట్టెకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను. ప్రొఫెసరు గారు అడిగితే ఇంట్లో మర్చిపోయానని చెప్పేవాణ్ణి. నాలుగు నెలల్లో నలభైసార్లు మర్చిపోయాను. "నీకు వయసు మీద పడుతోందయ్యా" అన్నారాయన, నిజంగానే బాధపడుతూ.

తాళంచెవి నా తర్వాత ఇచ్చింది ఒక్క ఆయమ్మకి. ఆయమ్మ మా ల్యాబ్‌లో రోజుకూలి మీద పనిచేసేది. నాకంటే పదేళ్ళు పెద్దది. అంతకుముందు ఇరవయ్యేళ్ళు మిరప కల్లాల్లో పనిచేసింది. కాయ కొయ్యడం, ఎండబెట్టడం, తెల్లబడ్డ తాలుకాయ ఏరడం, బస్తాలకెత్తడం అన్నీ చేసి, మోకాళ్ళు పోయాక చర్చి పాస్టరు గారి సిఫారసుతో మా దగ్గర చేరింది. గాజు సామాను కడగడంలో ఆమెకి సాటి లేదు. ఒకే ఒక్క చిక్కు, ఏ పనైనా నన్ను అడక్కుండా చేసేది కాదు. "సారూ, ఈ సీసా కడగమంటారా? సారూ, ఈ నీళ్ళు పారబొయ్యమంటారా? సారూ, కిటికీ ఎయ్యమంటారా?" రోజుకి వంద ప్రశ్నలు. మొదట్లో జవాబు చెప్పేవాణ్ణి. తర్వాత తల ఊపేవాణ్ణి. ఆ తర్వాత కసురుకునేవాణ్ణి. కసురుకున్నా ఆమె అడగడం మానలేదు. కరెంటు పోయినప్పుడల్లా పెట్టె మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. "ప్రార్థన చేసుకో ఆయమ్మా, మూత మాత్రం తీయకు" అనేవాణ్ణి.

ఫిబ్రవరి దాటాక మిరప లారీలు మొదలయ్యాయి. మా భవనం పక్క రోడ్డునే మిర్చి యార్డుకి పోయేవి. గాలి నిండా ఘాటు. ల్యాబ్‌లో ఒకరు తుమ్మితే వరసగా ఆరుగురు తుమ్మేవాళ్ళం. తొట్టి దగ్గరికి వెళ్ళాలంటే ముక్కుకి తువ్వాలు కట్టుకుని వెళ్ళేవాణ్ణి. అలాంటి రోజుల్లో ఒకనాడు మేష్టారి నాన్నగారు, యార్డులో కాయ అమ్మకానికి వచ్చిన మనిషి, తలపాగా దులుపుకుంటూ నేరుగా ల్యాబ్‌లోకి వచ్చేశాడు. ఆ దులపడానికి నాకు గుండె ఆగినంత పని అయింది.

కొడుకు బతిమాలితే పెట్టెకున్న అద్దంలోంచి చూపించాను. అప్పటికి స్ఫటికం అగ్గిపెట్టెలో సగం ఉంది. పెద్దాయన వంగి చూశాడు, లేచి కొడుకు వంక చూశాడు.

"ఏరా, నాలుగేళ్ళూ దీనికేనా?"

"అవును నాన్నా."

"ఎన్నాళ్ళకి ఈపాటి అయింది?"

"మూడు నెలలకి."

"మూడు నెల్లకి ఒక్క కాయా!" అన్నాడు పెద్దాయన. తర్వాత కొడుకు మొహం చూసి, "కాయ నాణ్యంగానే ఉందిలే. రంగు బాగుంది" అని సర్దుకున్నాడు.

ఇక ఆయనా ఆయమ్మా కబుర్లలో పడ్డారు. ఒకే పనిలో నలిగిన మనుషులు. నేను పక్కన నిలబడి, ఎప్పుడు వెళతాడా అని తువ్వాలు పైనుంచి చూస్తున్నాను.

"రేపు టిక్కీలు తొక్కిచ్చాలమ్మా. పొద్దున్నే కాయ మీద నీళ్ళు జల్లిచ్చి వచ్చా."

"జల్లాలిగదయ్యా. ఎండుకాయని ఎండుకాయగా తొక్కితే గలగలా ఇరిగిపోద్ది. గింజంతా బస్తా అడుగునే."

"అదీ! తడి తగిల్తే కాయ సాగుద్ది. ఎంత దూరం పోయినా ఇరగదు."

మా వైపు ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. టిక్కీ అంటే మిరపకాయ బస్తా. అందులోకి కాయని కాళ్ళతో తొక్కి కూరేముందు కాసిన్ని నీళ్ళు చల్లి మెత్తబరుస్తారు. నేను పుట్టి పెరిగింది కూడా ఆ కల్లాల మధ్యనే. ఆ కబుర్లు విన్నాను, విసుక్కున్నాను, మరిచిపోయాను.

ఏప్రిల్ మధ్యలో ఎండలు ముదిరి, గది వేడి మా తొట్టి వేడిని అందుకునే రోజున స్ఫటికాన్ని బయటికి తీశాం. అగ్గిపెట్టెకి కాస్త పెద్దది. ఒక్క మచ్చ లేదు. పలకలు ఎంత నునుపంటే, మేష్టారు తన మొహం చూసుకుని మీసం సవరించుకున్నాడు. అద్దుడు కాగితంతో అద్ది, దూదిలో చుట్టి, బీరువాలో పెట్టాను. మే రెండో వారంలో బొంబాయి వాళ్ళు ఒక వారం కేటాయించారు. తప్పితే మళ్ళీ ఏడాది.

బయలుదేరే రోజు వచ్చింది. మేష్టారు బట్టలకోసం ఊరికి వెళ్ళాడు. సాయంత్రం నేరుగా స్టేషనుకే వస్తానన్నాడు. డబ్బా కట్టించి స్టేషనుకి తెచ్చే పని నాది. పొద్దున బీరువా తీసి చూస్తే స్ఫటికం ఒక మూల తెల్లటి మచ్చ.

"తాలు పడతంది సారూ" అంది ఆయమ్మ.

మాట తప్పయినా సంగతి సరిగ్గానే పట్టుకుంది. ఆ లవణంలో లోపల కొంత నీరు కట్టుబడి ఉంటుంది. గుంటూరు ఎండకి అది ఆవిరైపోతూ ఆ మూల పొడిబారుతోంది. చెయ్యాల్సిందల్లా పొడిదూదిలో పెట్టి, గాలి చొరకుండా డబ్బా బిగించి, మూతకి లక్క వేయడం. అది చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ప్రొఫెసరు గారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"మైకు కూత పెడుతోందయ్యా! పదకొండింటికి ఫైనలియర్ పిల్లల వీడ్కోలు సభ. నువ్వు రాకపోతే ఎలా?"

"సార్, ప్యాకింగ్..."

"డబ్బాలో పెట్టి మూత పెట్టడానికి నువ్వే కావాలా?"

నాకు ఒళ్ళు మండింది. నాలుగు నెలలు కాపలా కాసిన మనిషిని మైకు కోసం పిలుస్తున్నారు. ఆ మంటలోనే ఆయమ్మ వైపు తిరిగి, "ఆయమ్మా, ఇది దూరం పోవాలి. అంచు కూడా విరక్కూడదు. మిరపకాయ బస్తాకెత్తేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఎత్తుతావో అంత జాగ్రత్తగా దూదిలో కట్టి డబ్బాలో పెట్టు" అని చెప్పి వెళ్ళిపోయాను.

సభా మందిరంలో నేను స్టూలు ఎక్కి, రెండు వైర్లు పళ్ళతో పట్టుకుని, మూడో వైరు ఎక్కడ తెగిందో వెతుకుతున్నాను. కింద నుంచి ఆయమ్మ గొంతు.

"సారూ, దూది తడి చెయ్యమంటారా?"

మాట చెవిలో స్పష్టంగా పడింది. ఆ విషయంలో నేను బొంకలేను. కాని నాలుగేళ్ళుగా ఆమె ప్రశ్నలు చెవిదాకా వచ్చి అక్కడే ఆగిపోవడం అలవాటైపోయింది.

"అన్నీ నన్నే అడగాలా? ఇరవయ్యేళ్ళు ఆ పనిలో ఉన్నదానివి, నీకు తెలియందేముంది? నీకు ఎట్టా తెలిస్తే అట్టా చెయ్యి, పో!"

ఆమె వెళ్ళింది. తనకి తెలిసినట్టే చేసింది. దూదిని మంచినీళ్ళతో తడిపి, గట్టిగా పిండి, స్ఫటికాన్ని పసిబిడ్డని చుట్టినట్టు చుట్టి, డబ్బాలో పెట్టి, నేను పార్సిళ్ళకి వేస్తుండగా చూసినట్టే లక్క కూడా తనే వేసింది. నేను మధ్యాహ్నం వచ్చేసరికి డబ్బా సిద్ధంగా ఉంది. ముద్ర ఎంత చక్కగా ఉందంటే, విప్పి చూడటానికి మనసొప్పలేదు. ఎప్పుడూ లేనిది ఆమెని మెచ్చుకున్నాను కూడా. స్టేషనులో డబ్బా మేష్టారి చేతికిస్తూ, "ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి" అని చెప్పాను. ఆయన అలాగే, మే నెల ఎండలో, బొంబాయి దాకా ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడట.

ఇంతకీ ఆ మైకు చివరికి పనిచెయ్యలేదు.

నాలుగో రోజు టెలిగ్రాం వచ్చింది. స్ఫటికం పాడైంది, తిరిగి వస్తున్నాను, అంతే. ప్రొఫెసరు గారు రైల్వే వాళ్ళని తిట్టారు. నేను కూలీలని తిట్టాను. ఇద్దరం కలిసి ఎండని తిట్టాం.

మేష్టారు వచ్చి డబ్బాని బల్ల మీద పెట్టి మూత తీశాడు. దూది నిండా గులాబీ రంగు. మధ్యలో స్ఫటికం, చప్పరించి తీసేసిన పిప్పరమెంటు బిళ్ళలా ఉంది. పలకల్లేవు, అంచుల్లేవు, మూలల్లేవు. నీళ్ళు తాకిన ఉప్పు ఏమవుతుందో అదే అయింది. ఏ పలక ఎటుందో తెలియనిదాన్ని ఏ దిక్కున పెట్టి కొలవమంటారని బొంబాయి వాళ్ళు మర్యాదగానే అడిగారట. టీ కూడా ఇచ్చారట. ఆ వారం ఇంకెవరికో ఇచ్చేశారు.

"దూది ఎలా తడిసింది?" అన్నారు ప్రొఫెసరు గారు. "ప్యాకింగ్ ఎవరు చేశారు?"

"ఆయమ్మ చేసింది సార్" అన్నాను.

అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. నా జన్మలో అంత పెద్ద అబద్ధం మళ్ళీ ఆడలేదు.

ఆయమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. నావైపు ఒక్కసారి చూసింది. ఇప్పుడు చెబుతుంది, అడిగానని ఇప్పుడు చెబుతుంది అని నేను చూస్తున్నాను. ఆ మాట చెప్పలేదు.

"మిరపకాయకి జల్లినట్టే తడి జేశానయ్యా. నాలుగు నెల్లూ నీళ్ళలోనే గదా అది పెరిగింది. నీళ్ళు దానికి పడవని నాకెట్టా తెలుస్తది?"

జవాబు లేనప్పుడు పెద్దవాళ్ళు చేసేదే ప్రొఫెసరు గారు చేశారు. గొంతు పెంచారు. రేపటి నుంచి పనికి రానక్కరలేదన్నారు. ఆమె భుజం మీది తుడుపుగుడ్డ తీసి, మడతపెట్టి, సింకు పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

మేష్టారు నన్ను వరండాలోకి పిలిచాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"నాకొకటి అర్థం కావడంలేదండీ" అన్నాడు. "ఆవిడ కిటికీ వెయ్యడానికి కూడా మిమ్మల్ని అడుగుతుంది గదా. ఇది మాత్రం అడక్కుండా ఎలా చేసింది?"

నేను అటూ ఇటూ చూశాను. ఆయన బడి మాష్టారు. అబద్ధం చెప్పబోయే పిల్లల మొహాలు పదేళ్ళు చూసినవాడు. లోపలికి వెళ్ళి డబ్బా మూత పెట్టుకున్నాడు.

సిగ్గేసింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి ఇంట్లోవాళ్ళ మీద విసుక్కున్నాను. మరునాడు పొద్దున్నే ప్రొఫెసరు గారి గదికి వెళ్ళాను.

"సార్, ఆయమ్మ నన్ను అడిగింది. తడి చెయ్యనా అని. నీకు తెలిసినట్టు చెయ్యమని కసురుకున్నాను. తప్పు నాది."

"ఎప్పుడడిగింది?"

"నేను మైకు బాగుచేస్తుండగా."

ఆయన చాలాసేపు బల్ల మీది కాగితాలు సర్దారు. సర్దినవే మళ్ళీ సర్దారు.

"వెళ్ళి ఆవిణ్ణి తీసుకురావయ్యా" అన్నారు చివరికి. ఆయన పెద్ద గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు ఆ రోజే తెలిసింది.

ఆమె ఇల్లు చర్చి వెనక సందులో. మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబెట్టింది.

"అడిగానా, లేదా?"

"అడిగావు."

"ఆ మాట నిన్న అందరి ముందూ అంటే ఏం బోయింది సారూ?"

"భయమేసింది."

"నాకెయ్యలేదా? నాది రోజుకూలి." కొంగుతో మొహం తుడుచుకుంది. "అందరి ముందూ జెప్తేనే వస్తా."

చెప్పాను. డిపార్టుమెంటు మొత్తం ముందు, కింది నుంచి పైదాకా అందరూ ఉండగా, ఆమె పక్కన నిలబడి చెప్పాను. ఆయమ్మ మధ్యలో ఆపి, "పో అన్నారు గూడా" అని గుర్తుచేసింది. అదీ చెప్పాను.

స్ఫటికంలో ఒక మంచి గుణం ఉంది, మనుషుల్లో అంతగా కనబడదు. ఎంత అరిగిపోయినా, దాని ద్రావణంలో దాన్ని మళ్ళీ ఓపిగ్గా వేలాడదీస్తే, పోగొట్టుకున్న పలకలన్నీ ఎక్కడివక్కడ తిరిగి తెచ్చుకుంటుంది. మిగిలిన ద్రావణం సీసాలో దాచి ఉంచాను. ఆ గుండ్రటి బిళ్ళని అందులోకి దింపాం. వారానికి ఒకచోట చిన్న మెరుపు, రెండు వారాలకి నాలుగుచోట్ల. జూలై వచ్చేసరికి అంచులన్నీ కలిసి, పాత స్ఫటికమే మళ్ళీ వచ్చింది. కాని జూన్‌లోనే బళ్ళు తెరిచారు. మేష్టారు వెళ్ళిపోయాడు. కాలేజీ పోస్టు వేరేవాళ్ళకి వెళ్ళింది. తిరిగి తెచ్చుకునే ఆ గుణం అలాంటి వాటికి లేదు.

ఆయనకి డాక్టరేటు వచ్చింది, ఆలస్యంగా. ఈలోపు వేరే దేశంలో ఎవరో అదే లవణాన్ని కొలిచి అచ్చు వేసేశారు. మేష్టారి కొలతలు వాటితో సరిపోయాయి. సరిపోయాయని రాసుకోవడమే ఆయనకి మిగిలింది. మళ్ళీ లెక్చరర్ పోస్టు పడేనాటికి వయసు దాటిపోయింది. ఆ బడిలోనే హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. థీసిస్‌లో నాకూ ఆయమ్మకీ ఒకే వాక్యంలో కృతజ్ఞతలు చెప్పాడు, ఆమె పేరు ముందు పెట్టి. ఎప్పుడు కలిసినా నన్ను ఆప్యాయంగానే పలకరిస్తాడు. నాకే ఆయన కళ్ళలోకి చూడటం ఈ రోజుకీ చేతకాదు.

అయితే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ మరుసటి వేసవి. బడికి సెలవులిచ్చారు, బొంబాయి వాళ్ళు మళ్ళీ ఒక వారం ఇచ్చారు. ఈసారి డబ్బా నేనే కడుతున్నాను. మేష్టారు పక్కన నిలబడి ఉన్నాడు. ప్రొఫెసరు గారు ఏదో సభ ఉందని కబురు పంపితే, నేను లేనని చెప్పమన్నాను. పొడిదూది పరిచి, స్ఫటికాన్ని మధ్యలో పెట్టాను.

వెనక నుంచి ఆయమ్మ గొంతు.

"సారూ, తడి చెయ్యమంటారా?"

మేష్టారు పక్కకి తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు. ఆమె మొహంలో మాత్రం నవ్వు లేదు. నిజంగా జవాబు కోసమే నిలబడి ఉంది.

నేను చేతిలోది కింద పెట్టాను. ఆమె వైపు తిరిగాను. "వద్దు ఆయమ్మా" అన్నాను. "అది పెరిగింది ఉత్త నీళ్ళలో కాదు. ఇక ఒక్క పలుకు కూడా కరగనంతగా లవణం నిండిన నీళ్ళలో. కడుపు నిండిన నీళ్ళు దాన్ని ఏమీ చెయ్యవు. మంచినీళ్ళు ఆకలి మీద ఉంటాయి, తగలగానే తినేస్తాయి. అందుకని దీన్ని ఎప్పుడూ పొడిగానే కట్టాలి."

ఐదేళ్ళలో ఆమె ప్రశ్నకి నేను చెప్పిన మొదటి పూర్తి జవాబు అది. అరనిమిషం కూడా పట్టలేదు.

ఆయమ్మ స్ఫటికం వంక చూసింది, నా వంక చూసింది.

"ఈ ముక్క పోయినేడు జెప్తే ఏం బోయింది సారూ" అంది.